సౌర కంచె సిఫారసులో పోగు నిరోధానికీ చోటుండాలి

రాయచోటి ప్రాంతపు ఎర్రనేలల్లో వర్షాధార వేరుశనగ కాయ ఊరే దశకు చేరగానే అడవి పందుల బెడద మొదలవుతుంది. రైతు తొలుత చేను చుట్టూ పాత చీరలు కడతాడు. పందులు వాటికి అలవాటుపడిన పిమ్మట కొందరు ఇనుపతీగకు నేరుగా కరెంటు కలుపుతారు. ఇది చట్టవిరుద్ధం, ప్రాణాంతకం. పశువులూ మనుషులూ దానికి బలవుతున్నారు. అందుకే మనం సౌర కంచెను సిఫారసు చేస్తున్నాము. సిఫారసు సరియైనదే, కాని అసంపూర్ణం. ఎనర్జైజరు, ఫలకం, బ్యాటరీ గురించి చెప్పినంతగా విద్యుత్తును మోసే పోగు గురించి మనం చెప్పడం లేదు.

తేలికగా అమర్చుకోగల పాలీవైరు, పాలీటేపు అనేవి ప్లాస్టిక్ దారాలతో సన్నని లోహపు పోగులను కలిపి పేనినవి లేదా నేసినవి. 0.2 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు పోగు నిరోధం మీటరుకు సుమారు 23 ఓమ్‌లు. ఆరు పోగులు కలిసినపుడు అది 3.8 ఓమ్‌లు, 500 మీటర్ల కంచెకు 1,900 ఓమ్‌లు. ఎనర్జైజర్ల అంతర్జాతీయ ప్రమాణంలో పరీక్షకు తీసుకొనే భారం 500 ఓమ్‌లు మాత్రమే. పంది శరీరాన్ని అంతే అనుకొంటే, కంచె చివర దానికి అందేది వోల్టేజిలో ఐదో వంతు. ఆరింటిలో ఒక్క పోగు అదే మందపు రాగిదైతే మొత్తం నిరోధం 245 ఓమ్‌లకు తగ్గి, మూడింట రెండు వంతులు అందుతుంది.

నేతలోనూ ఒక చిక్కు ఉన్నది. టేపులో లోహపు పోగులు పడుగుగా సాగుతాయి. వాటిని అక్కడక్కడ ఒకదానితో ఒకటి కలపనిచో, ఒక్కొక్కటి ఒక్కొక్కచోట తెగినా ఆఖరి పోగు తెగినచోటికి అవతలి కంచె నిర్జీవమవుతుంది. పైకి ప్లాస్టిక్ చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. తెగినచోట రైతు వేసే ముడిలో లోహానికి లోహం తగలకపోవచ్చు. దీనికి తోడు బెట్ట రోజుల్లో ఎండిన నేల ఎర్తింగును బలహీనపరుస్తుంది. అట్టిచోట ఒక వరుస విద్యుత్తుకు, మరొక వరుస ఎర్తుకు కేటాయించడం మేలు.

పంది కంచె దాటిన రాత్రి రైతు నిందించేది పోగును కాదు, సిఫారసును. ఆ మరునాడు అతని చూపు మళ్ళీ కరెంటు స్తంభం వైపు మళ్ళే ప్రమాదమున్నది. కావున మన సిఫారసు పత్రాల్లో మీటరుకు గరిష్ఠ నిరోధం ఇంత అని స్పష్టంగా ఉండాలి. చేను చుట్టివచ్చిన కంచెకు రెండు కొనలూ ఒకేచోట ఉంటాయి గనుక, ఎనర్జైజరును విడదీసి మల్టీమీటరుతో కొలవడం రైతుకు నేర్పడం కష్టం కాదు. ఊటుకూరు వంటి కృషి విజ్ఞాన కేంద్రాల్లో విద్యార్థులు ఎండకు, గాలికి వదిలిన పోగుల నిరోధాన్ని నెలనెలా నమోదు చేస్తే, ఏ రకం ఎన్నాళ్ళు నిలుస్తుందో ఈ ప్రాంతపు అంకెలతోనే చెప్పగలుగుతాము.