ఒకే ఖాతాలో మూడు పద్దులు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొన్నేండ్లుగా మూడు వివాదములు సాగుచున్నవి. విదేశపు సరకులపై సుంకములు పెంచవలెనా యనునది మొదటిది. వలస వచ్చువారిని అడ్డగింపవలెనా యనునది రెండవది. ప్రభుత్వపు లోటును, ఋణమును తగ్గించుట యెట్లు అనునది మూడవది. రాజకీయ వేదికలపై ఇవి వేరువేరు సమస్యలుగా వినబడును. అర్థశాస్త్రజ్ఞునకు మాత్రము ఇవి ఒకే ఖాతాలోని మూడు పద్దులు. ఒకదానిని దిద్దబోయినచో తక్కిన రెండును కదలక మానవు.

ఇది తెలియుటకు ఒక సంసారమును తలచుకొన్న చాలును. నెలకు నూరు రూపాయలు సంపాదించి నూటపది వ్యయము చేయు గృహస్థు ఆ పది రూపాయల సరకును అంగడిలో అరువు తెచ్చుకొనును. అంగడివానితో కలహించి వేరొకచోటికి పోయినచో అంగడి మారునే కాని అరువు తీరదు. దేశముల లెక్కయు ఇట్టిదే. ఒక దేశము తన పొదుపును మించి పెట్టుబడి పెట్టినచో ఆ తేడా పరదేశముల పొదుపునుండి రావలెను. అదియే ముఖ్యముగా వర్తకపు లోటై కనబడును. ప్రభుత్వము ఆదాయమును మించి వ్యయము చేయుట యనగా జాతి పొదుపులో కొంత తినివేయుటయే. 2024లో అమెరికా వర్తకపు లోటు సుమారు 90 వేల కోట్ల డాలర్లు. కేంద్ర ప్రభుత్వపు బడ్జెట్టు లోటు అంతకు రెట్టింపు.

ఇది కొత్త పాఠము కాదు. 1981లో అధ్యక్షుడు రీగన్ పన్నులు తగ్గించెను, రక్షణ వ్యయము పెంచెను. ఆ యేడే జపాను కార్ల దిగుమతికి పరిమితి ఏర్పడెను. బడ్జెట్టు లోటు పెరిగెను. వడ్డీలు హెచ్చుగా నుండుటచే విదేశీ ధనము వచ్చి చేరెను. డాలరు విలువ పెరిగెను. అమెరికా సరకులు పరదేశములలో ప్రియమయ్యెను. కార్లను కట్టడి చేసినను వర్తకపు లోటు పెరుగుచునే పోయెను. బడ్జెట్టు లోటే దీనికి మూలమని రీగన్ సలహాదారుల మండలి అధ్యక్షుడు మార్టిన్ ఫెల్డ్‌స్టైన్ స్వయముగా హెచ్చరించెను.

2025లో అదే కథ మరల నడచెను. ఏప్రిల్ 2న అధ్యక్షుడు ట్రంప్ దాదాపు అన్ని దేశముల సరకులపై సుంకములు ప్రకటించెను. జులై 4న పన్నుల తగ్గింపు చట్టముపై సంతకము చేసెను. దానివలన పదేండ్లలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్ల మేర పెరుగునని కాంగ్రెసు బడ్జెట్టు కార్యాలయము అంచనా వేసెను. ఒక చేత తగ్గింపబూనిన లోటునకు రెండవ చేత మేత వేసినట్లయ్యెను. సుంకములవలన ఆదాయము రాలేదనరాదు. 2025 సెప్టెంబరుతో ముగిసిన ఆర్థిక సంవత్సరమున సుమారు 19,500 కోట్ల డాలర్లు వచ్చెను. కాని అది ఆ యేటి లోటులో తొమ్మిదవ వంతు. పైగా, రేవులో సుంకము చెల్లించునది పరదేశము కాదు, అమెరికా దిగుమతిదారుడే. అత్యవసర అధికారముల చట్టము క్రింద విధించిన సుంకములు చెల్లవని 2026 ఫిబ్రవరిలో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

ఇక వలసల పద్దు. వలస వచ్చువారిలో పెక్కురు పనిచేయు వయసువారు, పన్నులు కట్టుదురు. 2021 తరువాత పెరిగిన వలసలవలన 2034 నాటికి కేంద్రపు లోటు 90 వేల కోట్ల డాలర్ల మేర తగ్గునని ఆ కార్యాలయమే 2024లో లెక్కగట్టెను. అయితే పన్నుల లాభము ముఖ్యముగా కేంద్రమునకు. బడుల భారము, ఆశ్రయముల భారము రాష్ట్రములకు, నగరములకు. కావున నగరవాసుల అసంతృప్తి వట్టి భ్రమ కాదు.

అర్థశాస్త్రజ్ఞులయందును దోషము లేకపోలేదు. వర్తకమువలన దేశమునకు మొత్తముమీద లాభమని వారు చెప్పిరి, అది నిజమే. నష్టపోయిన ఊరు త్వరలోనే వేరొక పని వెదకుకొనునని పెక్కురు తలచిరి. అది నిజము కాలేదు. చీనా సరకుల పోటీకి గురియైన ప్రాంతములలో నిరుద్యోగము పెరిగి, పనిచేయువారి సంఖ్య తగ్గెనని ఆటర్, డార్న్, హాన్సన్ అను మువ్వురు 2013లో చూపిరి. అట్టి కార్మికులకై 1962లో ఏర్పడిన సహాయ పథకము గడువు 2022లో తీరిపోయెను. ఆదుకొను చేయి లేనిచోట సుంకమే రక్షణగా తోచుట సహజము.

ఈ వివాదము తెలుగునాటికి దూరమైనది కాదు. 2025 ఆగస్టులో భారతదేశపు సరకులపై సుంకము 50 శాతమునకు చేరగా ఆ దెబ్బ భీమవరపు రొయ్యల చెరువులకు తగిలెను. సెప్టెంబరులో కొత్త హెచ్-1బి వీసాకు లక్ష డాలర్ల రుసుము ప్రకటింపగా హైదరాబాదులోని ఇండ్లలో కలవరము పుట్టెను. ఎక్కడనో వ్రాసిన పద్దు ఇచ్చటి సంసారములలో దిగినది.

కావున ఏ నాయకుడు ఏ విధానమును ప్రకటించినను విద్యార్థి వేయవలసిన ప్రశ్న ఒక్కటే: దీని ఖర్చు ఏ పద్దులో, ఎవరి పేర పడుచున్నది? అప్పు చేసి పప్పుకూడు తినుచున్నంతకాలము పప్పు అమ్మినవానిని నిందించి ప్రయోజనము లేదు.