నడివయసు రోగమూ, రాజీనామా కాగితమూ

కిందటి నెల ఒక గోష్ఠి ముగిసిన తరవాత, నేను చాలాకాలంగా గౌరవిస్తున్న ఒక అధ్యాపక మిత్రుడు నన్ను పక్కకు పిలిచి ఇలా అన్నారు: "మీరు ఇరవై రెండేళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో సంపాదించుకున్నారు. ఇల్లుంది, కారుంది. ఉద్యోగం పోయాక మనశ్శాంతి లేదంటున్నారు. ఇది వర్గ సమస్య కాదండీ, వయసు సమస్య. దీనికి మన పత్రికలో చోటెందుకు?"

ఆయన మాటలో వెటకారం లేదు. ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. నిజంగా నమ్మి అన్నారు గనకనే జవాబు చెప్పవలసి వస్తున్నది.

మొదట ఒక సంగతి మనవి చేస్తాను. ఆయన అన్నమాటనే, ఇంతకంటే మెత్తగా, నన్ను వదిలించుకున్న కంపెనీ కూడా అన్నది. రాజీనామా అయిన వారానికి మా బోటివాళ్ళకు "శ్రేయస్సు శిబిరం" అని ఒకటి పెట్టారు. కంప్యూటరు తెర మీద ఒకావిడ ప్రత్యక్షమై, ఇది అంతం కాదు, జీవితంలో రెండో ఇన్నింగ్స్ అన్నది. కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టమన్నది. ఒక చక్రం గీసి, దాన్ని ఎనిమిది ముక్కలు చేసి, ఆరోగ్యం, కుటుంబం, అభిరుచులు, ఆధ్యాత్మికత అని పేర్లు పెట్టి, ఒక్కొక్కదానికి పదికి ఎన్ని మార్కులు వేసుకుంటారో వేసుకోమన్నది. ఆ ఎనిమిదింటిలో జీతం లేదు. "డబ్బు పట్ల మీ దృక్పథం" అనేది మాత్రం ఉంది! నెలకు 62 వేలు ఇంటి అప్పు వాయిదా కట్టవలసినవాడికి డబ్బు పట్ల ఎటువంటి దృక్పథం ఉండాలో ఆవిడ చెప్పలేదు.

నీ బాధకు కారణం నీ లోపల ఉన్నదని కంపెనీ అంటుంది. నీ బాధ నీ సొంతం, ఉద్యమానికి దానితో పని లేదని అభ్యుదయవాది అంటాడు. బద్ధశత్రువులు ఇద్దరు ఒకే తీర్పు చెబుతున్నప్పుడు ఆ తీర్పును కాస్త గీకి చూడటం అవసరం.

"మిడ్‌లైఫ్ క్రైసిస్" అనే మాట ఈ రోజు ప్రతి డాక్టరు నోటా, ప్రతి ఆదివారం అనుబంధంలోనూ వినిపిస్తుంది. దాన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు ఇలియట్ జాక్స్. 1965లో ఒక మానసిక విశ్లేషణ పత్రికలో ఆయన రాసిన వ్యాసం శీర్షికలోనే మృత్యువు పేరు ఉన్నది. ముప్ఫయి అయిదేళ్ళ ప్రాంతంలో మనిషికి తన చావు సంగతి మొదటిసారి నిజంగా స్ఫురిస్తుందనీ, అక్కణ్ణించే సంక్షోభమంతా మొదలవుతుందనీ ఆయన వాదన. సాక్ష్యానికి ఎవరిని పిలిచాడు? డాంటేనీ, రాఫేల్‌నీ, మొజార్ట్‌నీ, ఇతర కళాకారులనూ. ఇదే జాక్స్ అంతకుముందు ఏళ్ళ తరబడి లండన్‌లోని గ్లేసియర్ మెటల్ అనే ఫ్యాక్టరీలో, యజమానుల అనుమతితో, కార్మికుల మధ్య తిరిగి పరిశోధన చేశాడు. ఆ ఫ్యాక్టరీ మీద 1951లో పుస్తకమే వేశాడు. పై అధికారి తనిఖీ లేకుండా ఒక ఉద్యోగి ఎంత కాలం సొంత విచక్షణతో పని చేయగలడో దాన్నిబట్టి అతని జీతం నిర్ణయించాలన్న సిద్ధాంతం కూడా ఆయనదే. ఫ్యాక్టరీ గుట్టు అంత తెలిసినవాడు నడివయసును వెతకటానికి ఫ్యాక్టరీలోకి పోలేదు, డాంటే దగ్గరికి పోయాడు! ఆయన మోసం చేశాడని నేననటం లేదు. కళాకారుణ్ణి నలభయ్యో ఏట పనిలోంచి తీసేసే మేనేజరు ఉండడు గనక అక్కడ మిగిలేది మృత్యువొక్కటే. లేతు మిషను దగ్గర నిలబడేవాడికి మృత్యువుకంటే ముందు రావలసినవి చాలా ఉన్నాయి.

వయసు అబద్ధమని కూడా నేననను. నలభై ఎనిమిదేళ్ళకు నాకు చక్కెర జబ్బు ఉంది, రక్తపోటు ఉంది, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టదు. అయితే ఈ మూడూ నాకు నలభై మూడుకే వచ్చాయి. అప్పుడు నా జీతం పెరుగుతున్నది గనక వాటిని ఎవరూ సంక్షోభం అనలేదు. అంకితభావం అన్నారు.

ఇక జరిగింది చెబుతాను. 2025 సెప్టెంబరులో ఒక మంగళవారం మధ్యాహ్నం నన్ను మాదాపూర్ ఆఫీసులో ఒక చిన్న అద్దాల గదిలోకి పిలిచారు. మా అమ్మాయి వయసు పిల్ల ఒకతె, కాగితంలో రాసి ఉన్నది తడబడుతూ చదివింది. "స్వచ్ఛందంగా" రాజీనామా చేస్తే మూడు నెలల జీతం, మచ్చ లేని అనుభవ పత్రం. చెయ్యకపోతే తొలగింపు. సాయంత్రం 5 గంటల లోపల చెప్పాలి. మొత్తం 11 నిమిషాలు. నేను 4 గంటల 10 నిమిషాలకే సంతకం పెట్టాను. ఆ పిల్ల "థాంక్యూ సార్" అన్నది. ఆమెకు ఆ రోజు ఇంకా ఎంతమంది ఉన్నారో!

నాదేమీ వింత కథ కాదు. అదే సంవత్సరం జూలైలో టీసీఎస్ (నేను పనిచేసింది అందులో కాదు) తన సిబ్బందిలో సుమారు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా, తగ్గించుకుంటున్నట్టు ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్యస్థాయి, పైస్థాయి ఉద్యోగులేనని కూడా చెప్పింది. పన్నెండు వేలమందికి ఒకేసారి నడివయసు రోగం సోకిందా?

"స్వచ్ఛందంగా" అనే మాట ఖరీదు నాకు తరవాత తెలిసింది. అప్పటికి అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుణ్ణి పనిలోంచి తగ్గిస్తే, ముందుగా నోటీసివ్వాలి, చేసిన ప్రతి సంవత్సరానికీ 15 రోజుల సగటు వేతనం పరిహారమివ్వవలసి ఉండేది. తనంతట తాను వైదొలగినవాడికి ఇది వర్తించేది కాదు. అంటే ఆ ఒక్క మాట నా చేత రాయించుకోవటంతో వ్యవహారం చట్టం గడప దాటి అవతలికి పోయింది. ఇక రెండో తాళం నా హోదా. పద్నాలుగేళ్ళ కిందట నన్ను "మేనేజర్" అన్నారు. ఇంట్లో పాయసం చేసుకున్నాం. ఒకరిని పనిలో పెట్టుకునే అధికారం గాని, ఒక రూపాయి జీతం పెంచే అధికారం గాని నాకు ఏనాడూ లేదు. కాని మేనేజరు చట్టం దృష్టిలో కార్మికుడు కాడు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ గోడను కూల్చలేదు. పర్యవేక్షణ పని చేస్తూ నెలకు 18,000 మించి తీసుకునేవాణ్ణి కూడా అది కార్మికుల లెక్కలోంచి తీసేస్తుంది. హోదా పేరు కాదు, చేసే పని స్వభావం చూడాలని కోర్టులు ఎన్నోసార్లు అన్నాయట. పాయసం తిన్న రోజున నాకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

మా నాన్న అడిగాడు. ఆయన ఇరవై ఏళ్ళ కిందట మూతపడ్డ ఒక బట్టల మిల్లులో నేత ఖాతాలో పని చేసినవాడు. ఆ శనివారం వరంగల్ పోయి చెబితే చాలాసేపు మాట్లాడలేదు.

"సంతకం పెట్టినవా?"

"పెట్టిన, బాపూ."

"ఎవలనన్న అడిగినవా?"

"ఎవలనడగాలె? టైమే ఇయ్యలే."

"మేము గూడ పెట్టినంరా. కాని మూడు నెల్లు గేటు కాడ కూసున్నంక పెట్టినం. నువ్వు కుర్సీల కూసోనే పెట్టినవు."

మా నాన్న తరాన్ని ఆకాశానికెత్తటం నా ఉద్దేశం కాదు. గేటు ముందు కూర్చున్నా మిల్లు మూతపడనే పడింది. ఆయన రెండేళ్ళు తాగాడు. కాని సాయంత్రం అయిదింటికి యూనియన్ ఆఫీసు పక్క చాయ్ బండి దగ్గర పదిమంది ఉండేవాళ్ళు. తమకు ఏం జరిగిందో, ఎవరు చేశారో ఆ పదిమందికీ ఒకే మాటగా తెలుసు. "నాలో ఏం లోపముందో" అని ఆయన ఒక్క రాత్రి కూడా ఆలోచించి ఉండడు. నేను ఆరు నెలలు అదే ఆలోచించాను.

తీరిక సంగతి కూడా చెప్పుకోవాలి. శిబిరంలో ఆవిడ తీరికను పెద్ద వరంలాగా వర్ణించింది. వియన్నాకు దగ్గర మేరియన్‌థాల్ అనే ఊళ్ళో బట్టల మిల్లు మూతపడితే, మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు అక్కడివాళ్ళ జీవితాన్ని పరిశీలించి 1933లో పుస్తకం వేశారు. వాళ్ళు కనిపెట్టిన సంగతులు ఇవి. పని లేనివాళ్ళకు చదువుకునే తీరిక పెరిగింది. లైబ్రరీలోంచి పుస్తకాలు తీసుకెళ్ళటం తగ్గిపోయింది. మగవాళ్ళు వీధిలో నెమ్మదిగా నడవసాగారు, మాటిమాటికీ ఆగిపోయారు. ఆడవాళ్ళు మాత్రం గబగబా నడిచారు. మిల్లు మూసినా వంటిల్లు మూతపడదు గదా! ఇది చదివినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. రాజీనామా చేసిన నెలలో నేను 31 పుస్తకాలు కొన్నాను. రెండు చదివాను. మా ఆవిడ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. పొద్దున్నే వంట చేసి, బడికి పోయి, సాయంత్రం వచ్చి, పగలంతా ఇంట్లో కూర్చుని "వెలితి"గా ఉన్నదనే మొగుడికి టీ పెట్టి ఇచ్చింది. ఆవిడ సంక్షోభానికి ఇంతవరకూ ఎవరూ శిబిరం పెట్టలేదు. (గిన్నెలు నేను తోముతున్నాను. దీన్ని రెండో ఇన్నింగ్స్‌గా లెక్కవేసుకోవచ్చునేమో.)

ఇప్పుడు మా మిత్రుడి అభ్యంతరానికి వస్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని కార్మికుడని ఎలా అంటావు, అదే భవనంలో నేల తుడిచే ఆమెకు వచ్చేదెంత, నీకు వచ్చిందెంత అని ఆయన అడుగుతారు. నిజమే. నాకంటే ముందు ఆమెనూ, కాపలావాణ్ణీ, కారు డ్రైవర్లనూ తగ్గించారు, అప్పుడు నేను తల తిప్పుకుని నా తెరలోకి చూసుకున్నాను. కాని వర్గాన్ని ఇంట్లో ఉన్న ఫ్రిజ్జును బట్టి నిర్ణయించటం ఏ శాస్త్రంలో ఉంది? బతకటానికి శ్రమశక్తిని అమ్ముకోవటం తప్ప గత్యంతరం లేనివాడు, ఎక్కువ ధరకు అమ్ముకున్నంత మాత్రాన వ్యాపారి అయిపోడు. 2023లో నారాయణమూర్తి గారు యువకులు వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి అధిపతి 90 గంటల దాకా పోయారు. ఆ జూలైలోనే తెలంగాణ ప్రభుత్వం, వారానికి 48 గంటలు దాటరాదన్న షరతుతో, వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల పనికి అనుమతి ఇచ్చింది. పిండేటప్పుడు మేము శ్రామికులం, పారేసేటప్పుడు నడివయసు రోగులమా?

మీరు మమ్మల్ని కాదని పొమ్మంటే మేము ఎక్కడికి పోతామో కూడా ఆలోచించండి. నాతోపాటు పోయినవాళ్ళలో ఒకాయన స్వామీజీ దగ్గర చేరాడు. ఇంకొకాయన షేర్ల జూదంలో భార్య నగలు పోగొట్టాడు. మూడోవాడు, రోజూ పొద్దున లేచి, తన ఉద్యోగం ఫలానా కులంవాళ్ళూ ఫలానా మతంవాళ్ళూ కొట్టేశారని సెల్‌ఫోనులో రాస్తున్నాడు. వాడి మాట వినే జనం చాలామందే ఉన్నారు. చోటు లేదని చెప్పటానికి మా మిత్రుడికి ఒక నిమిషం పట్టింది. వాళ్ళు మాత్రం చోటు చూపించటానికి ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు.

చోటు చూపించినవాళ్ళు మనలోనూ ఉన్నారు. బెంగళూరులో 2017లో ఐటీ ఉద్యోగులు సంఘం పెట్టుకున్నారు. 2024లో అక్కడ రోజుకు 14 గంటల పని ప్రతిపాదన బయటికి వచ్చినప్పుడు వీధిలోకి వచ్చి ఎదిరించింది ఆ సంఘమే. అధ్యాపకులు ఒక పని చెయ్యవచ్చు. మీ ఆఖరి సంవత్సరం విద్యార్థులకు కాలేజీలోనే నియామక పత్రాలు వస్తాయి గదా? మిఠాయి పంచకముందు ఆ పత్రాన్ని క్లాసులో పెట్టి చదివించండి. అందులో "స్వచ్ఛందం" ఎక్కడున్నదో వెతికించండి.

నా గురించి ఒక్కటి చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే అది నిజాయితీ కాదు. 2023లో నా కింది నలభైమందిలో అయిదుగురిని అట్టడుగు శ్రేణిలో పెట్టమని పైనుంచి వచ్చింది. అందరూ బాగానే పనిచేశారన్నాను. లెక్క లెక్కే అన్నారు. పెట్టాను. వాళ్ళలో ఒకతనికి నలభై నాలుగేళ్ళు. భార్య ఆస్పత్రిలో ఉండటం వల్ల ఆ సంవత్సరం సాయంత్రాలు తొందరగా వెళ్ళేవాడు. అతని పేరు పక్కన "వేగం తగ్గింది" అని రాశాను. అతను కూడా స్వచ్ఛందంగానే రాజీనామా చేశాడు. ఆ రోజున నేనతనికి ఊపిరి మీద ధ్యాస పెట్టమన్న పుస్తకమొకటి బహూకరించాను.

ఇప్పుడు మేము కొందరం ఆదివారాలు కూకట్‌పల్లిలో ఒక ట్యూషన్ సెంటరు పై గదిలో కలుసుకుంటున్నాం. చట్టం తెలిసిన ఒక ప్లీడరు గారు వచ్చి కాగితాలు చూసి పెడతారు. కిందటి ఆదివారం పద్నాలుగు మందిమి. అతనూ వచ్చాడు. నాకు రెండు కుర్చీల అవతల కూర్చుని, గంటన్నర సేపు నా వంక చూడకుండా, ప్లీడరు గారు చెప్పిందంతా నోటు పుస్తకంలో రాసుకున్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం, "ఆ జాబితా మీరే రాశారు గదా సార్?" అని అడిగాడు. అవునన్నాను. వచ్చే ఆదివారం తన పాత కాగితాలన్నీ తెస్తానని ప్లీడరు గారితో చెప్పి మెట్లు దిగి వెళ్ళిపోయాడు.