తొలి పదియాటల తీర్పు

పువ్వు పుట్టగానే పరిమళించునను సామెత మనవారికి మిక్కిలి ప్రియమైనది. దానిని నమ్మి మోసపోవువారిని చూడగోరినచో, అమెరికాదేశమున ఏటేట వసంతకాలమందు బేస్‌బాల్ పోటీలు మొదలైన తొలి వారములలో చూడవలెను.

ఆ యాట నాధారము చేసికొని ఫాంటసీ బేస్‌బాల్ అను మఱియొక వినోదము అచ్చట గలదు. 1980వ సంవత్సరమున డేనియల్ ఓక్రెంట్ అను రచయితయు నాతని మిత్రులును న్యూయార్కు నగరమున దీనిని ఇప్పటి రూపమునకు తెచ్చిరి. ఇందు పాల్గొనువారు మైదానమున కాలు మోపరు. వేర్వేరు జట్టులలోని నిజమైన ఆటగాండ్రను ఏరుకొని, కాగితముపై తమదగు జట్టును కూర్చుకొందురు. ఆ యాటగాండ్రు మైదానమున చేసిన పనినిబట్టి వీరికి పాయింట్లు వచ్చును. ఆడనివానిని విడిచి వేఱొకని తీసికొనవచ్చును. కాని విడిచినవానిని ప్రత్యర్థి చేరదీయవచ్చును. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఒక్కొక్క జట్టు ఏడాదికి 162 ఆటలాడును. పదియాటలు అందులో పదునాఱవవంతునకైనను చాలవు. ఆ పదియాటలలో నొకడు 40 మారులు బ్యాటు పట్టి 10 మారులు సఫలుడైనచో వాని సగటు నూటికి 25. మఱి రెండు బంతులు అదృష్టవశమున ఎదుటివారి చేతికి చిక్కక నేలబడెనా, అది నూటికి 30 అగును. మొదటివానిని సామాన్యుడనియు రెండవవానిని మేటియనియు జనులు చెప్పుకొందురు. వారిరువురకును గల భేదము రెండు బంతులే!

1994 ఏప్రిల్ 4వ తేదీన చికాగో కబ్స్ జట్టువాడగు టఫీ రోడ్స్ ఆ యేటి తొలియాటలోనే మూడు హోం రన్లు కొట్టెను. ఏడాది ముగియునప్పటి కాతనివి మొత్తము ఎనిమిదే. అంతట ఆతడు పనికిరానివాడని తలంచిరా? ఆ తలంపును తొందరపాటే. ఆతడే జపానుదేశమునకు పోయి, 2001లో ఒక్క యేటనే 55 హోం రన్లు కొట్టి, 1964లో సదహారు ఓ నెలకొల్పిన నాటి రికార్డును అందుకొనెను. 2006లో డెట్రాయిట్ జట్టువాడగు క్రిస్ షెల్టన్ ఏప్రిల్ నెలలోనే 10 కొట్టెను. ఏడాదికంతటికిని 16 మాత్రమే. 2009లో బోస్టన్ జట్టువాడగు డేవిడ్ ఒర్టిజ్ మే నెల ముగియువఱకు ఒక్కటే కొట్టెను. సంవత్సరాంతమునకు వాని లెక్క 28.

అట్లయిన తొలి యాటలను గమనించుట వ్యర్థమా? కాదు. గమనింపవలసినది వేఱు. బంతి విసరువాని వేగము నిరుటికంటె తగ్గినదా? తగ్గినచో చేతికి నొప్పి యుండవచ్చును. బ్యాటు పట్టినవాడు చెడుబంతిని విడుచుచున్నాడా, ప్రతిదానికిని ఎగబడుచున్నాడా? ఏప్రిల్ చలిలో బంతి వేసవియందువలె దూరము పోదను సంగతి లెక్కలోనికి తీసికొంటిమా? ఇట్టివి సగటుకంటె ముందుగా నిజము చెప్పును. తొలిదినములలో ఫలమును కాదు, పద్ధతిని చూడవలెను. ఇదియే నా యభిప్రాయము.

ఈ మాట వ్రాయుటకు నాకొక కారణము గలదు. జవాబుకంటె విధానమును చూడుడని శిక్షణ కళాశాలలో మాకు బోధించిరి. అయినను ఒక యేడు, తొలి నెలపరీక్షలో మిక్కిలి తక్కువ మార్కులు వచ్చిన యొక బాలుని నేను వెనుకబల్లకు పంపి, ఆ పిమ్మట వానిని ప్రశ్నలడుగుట మానితిని. అర్ధసంవత్సర పరీక్షకు ముందు వాని లెక్కలపుస్తకమును తీరికగా చదివితిని. మొదటి నుండియు వాని విధానము సరియైనదే. కూడికలలో తొందరపడి తప్పుచుండెను. నేను చూచినది జవాబులను మాత్రమే. మూడు నెలలు వానికి నష్టమైనవి. ఆ తప్పు నాది.

కాగితపు జట్టువాడు విడిచిన యాటగానిని ప్రత్యర్థియైనను చేరదీయును. మనము విడిచిన బాలుని చేరదీయుట కెవ్వరును కాచుకొని యుండరు.

కావున తల్లిదండ్రులారా, తొలి పరీక్షలో వచ్చిన మార్కులను చూచి పొంగకుడు, క్రుంగకుడు. మీ పిల్లవాని నోటుపుస్తకమును తెఱచి చూడుడు. విద్యార్థులారా, తొలియాటలో మూడు కొట్టినవాడు గర్వింపవలదు; మే నెలవఱకు ఒక్కటే కొట్టినవాడు బ్యాటు దింపవలదు. ఉపాధ్యాయులమగు మనము పదియాటలకే తీర్పు వ్రాయకుందము. ఇంకను నూటయేబదిరెండు మిగిలియున్నవి.