నగరదీపములును నక్షత్రకాంతియు

రాత్రివేళ మాదాపూరు నుండి గచ్చిబౌలి వఱకుఁ గల మార్గమున నిలిచి తలయెత్తి చూచువారికి చంద్రుఁడును, ఒకటి రెండు గ్రహములును, మిక్కిలి ప్రకాశముగల కొలఁది చుక్కలును దక్క వేఱేమియుఁ గానరావు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు తెఱవఁబడినది మొదలు ఆ ప్రాంతము వేలకొలఁది కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. మా విద్యార్థుల తలిదండ్రులలోఁ బలువు రచ్చటనే ఉద్యోగము చేయుచున్నారు. దానిని దూషించుట మా యుద్దేశము గాదు. ఆ దీపములనుండి ఆకాశమునకు వృథాగాఁ బోవు వెలుఁగును గూర్చియే మా మొఱ.

నక్షత్రకాంతి కేవలము కంటికింపైన యలంకారము గాదు. విశ్వము పుట్టుకను గూర్చి మనకుఁ దెలిసినది చాలవఱకు కాంతివలననే తెలిసినది. ఆ కాంతిని గాజుపట్టకముగుండఁ బోనిచ్చి చూచినచో, రంగుల నడుమ సన్నని నల్లగీతలు కానవచ్చును. ఏ మూలకపు గీతలు ఆ మూలకమునకే చెల్లును. సుదూరపు గెలాక్సీల కాంతిలో ఈ గీతలు ఎఱుపువైపునకు జరిగియున్నవి; దూర మెక్కువైనకొలఁది ఆ జరుగుటయు నెక్కువ. అనఁగా విశ్వము విస్తరించుచున్నది. 1927లో బెల్జియము దేశీయుఁడగు జార్జి లెమైత్రు, 1929లో అమెరికాలో ఎడ్విన్ హబులు దీనికి నిదర్శనములు చూపిరి. లెమైత్రు క్యాథలికు గురువు. అయినను తన సిద్ధాంతమును ఆదికాండముతో ముడివేయుట ఆయన కిష్టము లేదు. మతబోధకులును, శాస్త్రబోధకులును గూడ గమనింపఁదగిన సంగతి యిది. 1965లో ఆకాశమంతట నిండియున్న ఆదిమకాంతి శేషము దొరకినది. అది సుమారు 1,380 కోట్ల యేండ్లనాఁడు, ఏ నక్షత్రమును పుట్టకమునుపే బయలుదేఱినది.

ఈ విద్య మన నగరమునకుఁ బరాయిది గాదు. 1901లో నవాబు జఫర్ జంగు ఫిసల్‌బండలో దూరదర్శినిని నెలకొల్పెను. పిదప బేగంపేటకుఁ జేరిన నిజామియా వేధశాల అదియే. పలుదేశములవారు కలిసి ఆకాశపటము వ్రాయఁబూనినప్పుడు, ఇచ్చటివారు ఏడులక్షలకుఁ బైఁబడిన చుక్కల స్థానములను గుర్తించిరి. ఆ వేధశాల యుద్యోగి కుమారుఁడైన వైను బప్పు 1957లో ఓలిన్ విల్సనుతోఁ గలిసి, నక్షత్రకాంతిలోని యొక కాల్షియపు గీత వెడల్పునుబట్టి ఆ నక్షత్రపు నిజమైన ప్రకాశమును తెలియవచ్చునని చూపెను. ఒక సన్నని గీత! నగరము పెరిగి చీఁకటి కఱవైనందున, 1968లో ఉస్మానియా విశ్వవిద్యాలయమువారు 48 అంగుళముల దూరదర్శినిని దూరముగా జపాల్-రంగాపూరున నిలుపవలసి వచ్చెను. ఇపుడు నగరము ఆ వైపునకును సాగుచున్నది.

రాత్రి పని ముగించుకొని యిలుచేరు స్త్రీలకు దీపములు వలదా యని యడుగువారు గలరు. తప్పక వలయును. దీపమునకు మీఁద కప్పు వేసి కాంతిని నేలకు మరలించినచో, వీథి మఱింత వెలుఁగును. ఆకాశము చీఁకటిగనే యుండును. విద్యుత్తు ఖర్చును తగ్గును. అద్దపుమేడలపై అర్ధరాత్రి దాటిన పిమ్మట వెలుఁగు ప్రకటనలను చదువువా రెవ్వరు? తలిదండ్రులు తమ కార్యాలయములలో ఈ మాట యెత్తవలెనని కోరుచున్నాము.

ఇఁక పాఠశాల మాట. కార్తిక మార్గశిర మాసములలో, అమావాస్య దినములయందు, పిల్లలను ఇబ్రహీంపట్నము దాటి చీఁకటిగల పొలములకుఁ దీసికొని పోవలెను. దేవయాని యని పిలువఁబడు ఆండ్రోమెడా గెలాక్సీ అచ్చట పలుచని మేఘపుఁ దునుకవలె వట్టి కంటికే కనఁబడును. ఆ కాంతి సుమారు 25 లక్షల యేండ్ల క్రిందట బయలుదేఱినది. మనము పోవుట కొక్క బస్సు చాలును.