గడ్డి బందిపోటు



శ్రమల దినములు దగ్గరపడగానే, "కార్నివాల్ చేసేది క్రైస్తవ దేశాలవారే కదా, అది మన పండుగేనా అయ్యగారూ?" అని అడిగేవారుంటారు. అవునని గాని కాదని గాని తొందరపడి చెప్పలేము. ఒక చిన్న ఊరి సంగతి చూద్దాము.

స్పెయిను ఉత్తర భాగమున, నవార్రా ప్రాంతములో లాంత్స్ అనే ఊరున్నది. అందరినీ లెక్కించినా రెండు వందల మంది ఉండరు. నలువది దినముల ఉపవాసమునకు ముందు, మంగళవారముతో ముగిసేలా అక్కడ కార్నివాల్ జరుపుతారు. పండుగకు నాయకుడు మియెల్ ఒచిన్ అనే బొమ్మ. సుమారు మూడు మీటర్ల ఎత్తు, లోపల ఎండుగడ్డి, తలమీద రంగు కాగితాల పొడుగాటి టోపీ. చేతులు రెండూ చాచి ఉంటాయి. వీడొక బందిపోటని ఊరివారి కథ. ఒకడు వీనిని భుజాన మోస్తూ వీధులలో ఆడిస్తాడు.

వెంట సిరిపోట్ నడుస్తాడు. ఒంటినిండా గడ్డి కుక్కిన గోనెసంచులు తొడిగి, కర్ర ఊతతో అడుగు తీసి అడుగు వేయలేడు. గుర్రం వేషగాడు పరుగున వచ్చి వానిని గుద్ది పడవేస్తాడు. పాపము, తనంత తాను లేవలేడు. ప్రక్కవారు లేపి నిలబెడతారు. గుర్రం మళ్లీ పడగొడుతుంది. కమ్మరి వేషగాళ్లు ఆ గుర్రాన్ని పట్టి నాడాలు కొడతారు. ముసుగులవారు చీపుళ్లతో జనాన్ని తరుముతారు. మంగళవారము సాయంకాలము బందిపోటు బొమ్మను తుపాకితో కాల్చి, మంటలో వేసి, చుట్టూ నాట్యమాడతారు.

అంతర్యుద్ధ కాలములో, 1937లో, ఫ్రాంకో పక్షము కార్నివాల్‌ను నిషేధించింది. లాంత్స్‌లోనూ ఆగిపోయింది. 1964లో హూలియో కారో బరోహా అనే పండితుడు, ఆయన తమ్ముడు పియో దీనిని చలనచిత్రముగా తీయబోగా ఊరివారు మళ్లీ వేషాలు కట్టారు.

పడినవానిని లేపే ఘట్టము మాకు నచ్చింది. మనసులో గుచ్చుకొన్నది ఆ బొమ్మ. ఊరి చెడుగంతా వానిమీద మోపి తగలబెడతారని కొందరి వ్యాఖ్యానము. లేవీయకాండము 16వ అధ్యాయములోను మేకమీద పాపములు మోపుట ఉన్నది. అయితే అక్కడ అహరోను దాని తలమీద చేతులుంచి, ప్రజల పాపములను నోరు తెరచి ఒప్పుకొనవలెను. లాంత్స్‌లో ఆ పని లేదు. దొంగ బొమ్మే గాని ఊరు కాదు.

మన సంఘములలో ఇటువంటి బొమ్మలు లేవా? తగవు వచ్చినప్పుడెల్లా ఒకే కుటుంబము మీద నెట్టి, వారు విసిగి వేరే సంఘమునకు వెళ్లిపోగానే హాయిగా ఊపిరి పీల్చుకొన్నవారిని మేము చూచియున్నాము. ఏడాది తిరక్కముందే అదే తగవు ఇంకొకరి పేరుతో లేచింది. వెళ్లిన కుటుంబమును మాత్రము ఎవరూ పిలువబోలేదు.

లాంత్స్‌లో మంట ఆరిన మరునాడు భస్మ బుధవారము. గుడిలో నుదుట పెట్టే బూడిద ఆ మంటలోనిది కాదు. నిరుడు మట్టల ఆదివారమునాడు ఆశీర్వదించిన మట్టలను, కొమ్మలను కాల్చి తీసినది.