బొమ్మ మీది రాత.. వెళ్లేదెంత దూరం?

పసుపు బోర్డు ఫొటోలు చెబుతున్న పాఠం

ఆర్మూర్: పసుపు ధరైనా, రైతు సమావేశమైనా, నాయకులపై విమర్శయినా నేడు పల్లెకు ముందుగా చేరేది సెల్‌ఫోన్‌లో ఫొటో రూపంలోనే. బొమ్మపై రాతలు ఎక్కువైతే ఫేస్‌బుక్ దానిని ఎక్కువ మందికి చూపదన్న మాట ప్రచారంలో ఉంది. ఇందులో నిజం కొంతే.

ప్రకటనలకే ఆ నిబంధన

ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో 20 శాతం నిబంధన ఉండేది. బొమ్మను 25 గళ్లుగా విభజించి, అయిదు గళ్లకు మించి అక్షరాలుంటే ప్రకటనను తిరస్కరించేవారు. 2016లో తిరస్కరణ మాని, రాత పెరిగిన కొద్దీ ప్రదర్శనను తగ్గించారు. 2020లో ఆ ఆంక్షనూ ఎత్తివేశారు. తక్కువ రాత మేలన్న సలహా మాత్రమే మిగిలింది. ఇదంతా డబ్బు చెల్లించి వేయించే ప్రకటనలకు సంబంధించినది. వాట్సాప్‌లో ఇలాంటి లెక్కే లేదు. అక్కడ ఫొటోను ముందుకు నడిపేది చదివినవారి వేలే.

రెండు ఫొటోలు, రెండు తీర్లు

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. వారిలో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. గెలిస్తే అయిదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానంటూ భాజపా అభ్యర్థి ధర్మపురి అర్వింద్ బాండు పేపరు రాసిచ్చారు. దాని ఫొటో నిండా అక్షరాలే. అయినా ఏళ్ల తరబడి చేతులు మారింది. జనం దానిని బొమ్మగా కాక రుజువుగా చూడటమే కారణం.

2023 మార్చి నెలాఖరున జిల్లాలో పసుపు రంగు ఫ్లెక్సీలు వెలిశాయి. ఇదే ఎంపీ తెచ్చిన పసుపు బోర్డు అన్నది వాటి సారాంశం. గుప్పెడు మాటలు, బోర్డు అన్న పదంలోని శ్లేష, పంట రంగు కలిసి ఆ ఫొటోలను రాష్ట్రం దాటించాయి. వ్యాపించడానికి అక్షరాల సంఖ్య కాదు, చదివేవారికి వాటితో ఉన్న అవసరమే ముఖ్యమని ఈ రెండూ చాటుతున్నాయి.

తేదీ లేకుంటే ముప్పే

జాతీయ పసుపు బోర్డును ప్రధాని మోదీ 2023 అక్టోబరు 1న ప్రకటించారు. 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా అది ప్రారంభమైంది. నాటి ఫ్లెక్సీ ఫొటోను తేదీ లేకుండా నేడు పంపితే చదివినవారు బోర్డు ఇంకా రాలేదనుకుంటారు. నాడు విమర్శ అయినది నేడు తప్పుడు సమాచారమవుతుంది.

ధరల ఫొటోల్లో ఈ ముప్పు మరీ ఎక్కువ. నిరుటి ధరను నేటిదనుకొని పంట ఆపుకొన్నా, వాహనం మాట్లాడుకొని సాంగ్లి దాకా తీసుకెళ్లినా నష్టపోయేది రైతే. పోస్టుతో పాటు రాసిన వివరణ మొదటి మజిలీలోనే రాలిపోవచ్చు. బొమ్మపై ఉన్నదే చివరి దాకా వెళ్తుంది.

అందుకే మార్కెట్ పేరు, తేదీ, కొమ్ము లేదా మండ రకం, క్వింటాలు ధర.. ఈ నాలుగూ పెద్ద అక్షరాల్లో బొమ్మపైనే ఉండాలి. నినాదాలు, నాయకుల ముఖాలు తగ్గినా ఫర్వాలేదు. అవే వివరాలను పోస్టులోనూ రాస్తే, ఫొటోలోని అక్షరాలు చదవలేని చూపు లేనివారికి ఫోనే వినిపిస్తుంది. ఎందరికి చేరిందన్న దానికన్నా, చేరిన చోట రైతును తప్పుదారి పట్టించలేదన్నదే అసలు లెక్క.