వారంలోపు ఉరి తీస్తే సత్యంబాబు ఏమయ్యేవాడు?

ఊళ్ళో ఏ ఆడపిల్లకు ఘోరం జరిగినా కతార్‌లోని అల్ వక్రాలో తెలుగువాళ్ళుండే గదుల్లో ఒకటే మాట: "గల్ఫ్ చట్టాలు మన దగ్గరా పెట్టాలి. పట్టుకున్న వారంలోపు ఉరి తీయాలి." డ్యూటీ దిగి, బంకు మంచం మీద కూర్చుని ఫోన్లో వార్త చూసే జగిత్యాల అన్నా ఇదే అంటాడు, కోనసీమ తమ్ముడూ ఇదే అంటాడు. భార్యాబిడ్డల్ని ఇంటి దగ్గర వదిలి వచ్చినవాళ్ళ కోపం అది. ఆ కోపాన్ని గౌరవిస్తాను. ఆ మాటను మాత్రం ఒప్పుకోను.

అసలు కతార్‌లో జరిగేదే వేరు. ఇక్కడి చట్టంలో మరణశిక్ష ఉంది, తుపాకీతో కాల్చి అమలు చేస్తారు. కానీ ఏళ్ళకేళ్ళు ఎవరికీ అమలు చేయలేదు. ఆ తర్వాత 2020 మేలో ఒక నేపాలీ కార్మికుడికి చేశారు. అమలు చేయని ఆ ఏళ్ళలోనూ ఇక్కడ మనం నిశ్చింతగానే తిరిగాం.

2023 అక్టోబర్ 26న ఇక్కడి కోర్టు ఎనిమిది మంది మాజీ భారత నౌకాదళ ఉద్యోగులకు మరణశిక్ష వేసింది. అందులో విశాఖవాసి ఒకరు. నేరమేమిటో బయటకు చెప్పనే లేదు. ఆ రోజు మనలో ఎవరైనా "వారంలోపు కానివ్వండి" అన్నారా? డిసెంబర్ 28న అప్పీలు కోర్టు మరణశిక్షను తొలగించింది. 2024 ఫిబ్రవరిలో అమీరు నిర్ణయంతో అందరూ విడుదలయ్యారు. వాళ్ళను కాపాడింది మధ్యలో దొరికిన ఆ వ్యవధే.

ఇక మన సొంత కేసు. 2007 డిసెంబర్ 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థినిని చంపేశారు. మరుసటి ఏడాది పోలీసులు నందిగామ ప్రాంతపు పేద దళిత యువకుడు సత్యంబాబును పట్టుకొచ్చారు. అంతమంది అమ్మాయిలున్న హాస్టల్లోకి ఒక్కడే దూరి, ఎవరికీ తెలియకుండా అంత పనీ చేశాడన్నారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే "ఇతను కాదు" అని మొత్తుకున్నా వినలేదు. 2010లో విజయవాడ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. నరాల జబ్బుతో నడవలేని స్థితికి చేరినవాడు జైల్లోనే ఉండిపోయాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడిచిపెట్టి, లక్ష రూపాయలు ఇవ్వమంది. అప్పటికి ఎనిమిదేళ్ళ పైచిలుకు వయసు జైల్లో కరిగిపోయింది. కింది కోర్టు నమ్మిన డీఎన్ఏ నివేదికను హైకోర్టు నమ్మలేదు.

ఆ డీఎన్ఏ సంగతి దగ్గర కాసేపు ఆగాలి. 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది: తిరుగులేని ఆధారాలుంటే ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, ఉరిశిక్ష. సత్యంబాబు మీద చూపించిందీ తిరుగులేని ఆధారమనే కదా! ఆ లెక్కన ఇరవై ఒక్క పనిదినాల్లోనే అతనికి ఉరిశిక్ష పడేది. ఆ ఉరిని కూడా అంతే తొందరగా అమలు చేస్తే, 2017లో హైకోర్టు ఎవర్ని విడిచిపెట్టేది?

2021లో వచ్చిన 'నాంది' సినిమాలో అల్లరి నరేష్ చేయని హత్యకు జైల్లో మగ్గుతుంటే మనవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. సినిమాలో అతను నిర్దోషి అని దర్శకుడు మనకు ముందే చూపించాడు. నిజం కేసులో అలా చూపించేవాడు ఉండడు. పోలీసులు చెప్పిన కథ, టీవీలో ముసుగు వేసిన మొహం, అంతే. హైదరాబాద్ దగ్గరి చటాన్‌పల్లిలో 2019 డిసెంబర్ 6న అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని కాల్చేస్తే పోలీసుల మీద పూలు చల్లాం. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. ఆ పూలు చల్లిన చేతుల్లో ఎన్ని ఈ నివేదికను తిరగేశాయి?

తప్పుడు కేసు వచ్చి పడేది మనలాంటివాళ్ళ మీదే. అరబిక్‌లో రాసిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టే కూలీ, వకీలుకు డబ్బుల్లేని ఊరి కుర్రాడు, వీళ్ళే దొరుకుతారు. నేరస్థుడికి శిక్ష పడాలి, కఠినంగా పడాలి. కానీ తప్పని తేలిన రోజు జైలు తలుపు తెరవొచ్చు, సమాధి తెరిచి ప్రాణం తేలేం. ఈసారి గదిలో ఎవరైనా "వారంలోపు ఉరి" అంటే సత్యంబాబు పేరు చెప్పండి, జవాబు అడగండి.